గాయపరచనివాని ఋణము

విశాఖపట్నము చెంతనున్న కొత్తవలసలో బయలుదేరు రైలుమార్గము అరకు లోయను, కోరాపుట్ కొండలను, జగదల్‌పూరును, దంతెవాడను దాటి కిరందుల్‌లో ముగియును. దాని కావల పట్టాలు లేవు, బైలదిల్లా కొండలున్నవి. ఎద్దు మూపురమువలె కనబడుటచే ఆ కొండలకు ఆ పేరు కలిగినదందురు. ఆ కొండలలోని ముడి ఇనుమును విశాఖ రేవునకు చేర్చి, అచ్చటనుండి జపాను దేశపు ఉక్కు కర్మాగారములకు పంపుటకై 1960వ దశాబ్దములో ఈ మార్గము వేయబడినది. 1968లో గని పని ప్రారంభమయ్యెను. ముడి ఇనుము ఆ పట్టాలమీద సముద్రమువైపు దిగిపోయినట్లే, పని వెదకుకొనుచు తెలుగువారు అవే పట్టాలమీద కొండలవైపు ఎక్కి వచ్చిరి. గనులను నడుపు జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థయొక్క ప్రధాన కార్యాలయము హైదరాబాదులో నుండుటయు ఇందుకు తోడ్పడినది. నాడు బస్తరు జిల్లాలో భాగమైయున్న దంతెవాడ 1998లో ప్రత్యేక జిల్లా అయ్యెను. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో చేరెను. నేటికిని బచేలి, కిరందుల్ పట్టణముల వీధులలో తెలుగు వినబడుట వింత కాదు.

గనియున్న చోట యంత్రముండును. యంత్రమున్న చోట గాయముండును. ఎంత జాగ్రత్త వహించినను ఏదో యొక దినమున ఎవని చేయియో నలుగును, ఎవని కాలో విరుగును, ఎవని కన్నో పోవును. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చవలెననుటలోను, గాయమునకు కారణమైన పనిని చేయించుకొనినవాడు నష్టపరిహారము చెల్లింపవలెననుటలోను భేదాభిప్రాయములేదు. కాని ఆసుపత్రినుండి బయటకు వచ్చిన దినమున అసలు ప్రశ్న పుట్టుచున్నది. పాత పని అతడు చేయలేడు. పాత యజమాని తన బాకీ తీర్చి చేతులు దులుపుకొనెను. ఇప్పుడు అతడు క్రొత్త యజమాని వాకిట నిలువవలెను. ఆ క్రొత్త యజమాని అతనిని గాయపరచలేదు. అతని చెమటవలన లాభము పొందలేదు. అతని పేరైనను ఎరుగడు. అట్టివాడు ఇతనికి ఏమైనను బాకీ పడియున్నాడా? పడియున్నయెడల, ఆ బాకీ ఎచ్చటనుండి వచ్చినది?

ఒకే గాయము, ఇద్దరు కార్మికులు

ఒకే దినమున ఒకే యంత్రమునొద్ద ఇద్దరు మనుష్యులు తమ కుడిచేతి బొటనవ్రేళ్లను పోగొట్టుకొనిరని ఊహించుకొనుడు. ఇద్దరికిని వయస్సు 30 సంవత్సరములు. వారిలో ఒకడు ప్రభుత్వరంగ సంస్థలో స్థిరోద్యోగి. రెండవవాడు ఆ సంస్థ పనినే చేయుచు, ఒక కాంట్రాక్టరు క్రింద కూలి తీసికొనువాడు.

మొదటివానికి చట్టము అండగా నున్నది. 1995 నాటి వికలాంగుల చట్టములోని 47వ సెక్షను, తరువాత దాని స్థానమున వచ్చిన 2016 నాటి చట్టములోని 20వ సెక్షను, ఉద్యోగకాలములో వైకల్యము పొందినవానిని ప్రభుత్వ సంస్థ తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు శాసించుచున్నవి. పాత పని చేయజాలనియెడల అదే జీతముతో వేరొక పనికి మార్చవలెను. తగిన ఖాళీ లేకున్నచో, అది దొరకువరకు, లేక అతడు పదవీ విరమణ వయస్సుకు వచ్చువరకు, అదనపు స్థానమును కల్పించి అతని నుంచుకొనవలెను. భారత పార్లమెంటు చేసిన నియమములలో ఇంతకంటె మానవత్వము గలవి అరుదు.

రెండవవానికి ఆ నియమము వర్తింపదు. అతడు కాంట్రాక్టరు మనిషి గనుక అతనికి కలుగునది నష్టపరిహారము మాత్రమే. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టము కాంట్రాక్టరుచేత పని చేయించుకొను పెద్ద యజమానిని సయితము ఈ చెల్లింపునకు బాధ్యుని చేసెను. ఆ మేరకు అది న్యాయమైన చట్టమే. ఆ చట్టపు పట్టికలో శరీరములోని యొక్కొక్క అవయవమునకు ఒక్కొక్క అంకె వ్రాయబడియుండెను. బొటనవ్రేలు పోయినచో సంపాదనాశక్తిలో 30 శాతము పోయినట్లు, చూపుడువ్రేలికి 14 శాతము, నడిమివ్రేలికి 12, ఉంగరపువ్రేలికిగాని చిటికెనవ్రేలికిగాని 7. ఇక లెక్క కట్టవచ్చును. 2020 జనవరిలో నిర్ణయింపబడిన పరిమితి ప్రకారము నెలకు 15,000 రూపాయల జీతమును ఆధారముగా తీసికొని, అందులో 60 శాతమును 30 ఏండ్ల వయస్సునకు నియమింపబడిన 207.98 అను గుణకముచే హెచ్చించి, వచ్చిన మొత్తములో 30 శాతము చూడగా 5,61,546 రూపాయలు తేలును. అది చిన్న మొత్తము కాదు. అయినను అది మూడు సంవత్సరముల జీతముకంటె కొంచెమే ఎక్కువ. అతని యెదుట ఇంకను ముప్పది సంవత్సరముల పనికాలమున్నది.

గాయమొకటే, నొప్పియొకటే, ఇంట ఎదురుచూచు పిల్లల ఆకలియు ఒకటే. ఒకనికి స్థానము నిలిచినది, ఒకనికి సొమ్ము మాత్రమే మిగిలినది. కాంట్రాక్టు కార్మికునికి పనితో గల సంబంధము ఎంత సన్ననిదో బైలదిల్లా ఎరుగును. 1978లో యంత్రములు వచ్చి కూలీలు అక్కరలేకపోయినప్పుడు, అవయవములన్నియు సరిగా నున్నవారే పని కోల్పోయిరి. ఆ సంవత్సరము ఏప్రిల్ 5న కిరందుల్‌లో జరిగిన పోలీసు కాల్పులలో కార్మికుల ప్రాణములు పోయినవి. రెండు చేతులున్నవానికే నిలువనీడ లేనిచోట, ఒక చేయి చెడినవాని మాట చెప్పనేల?

రెండు కాగితములు

నష్టపరిహారము కోరు మనుష్యుడు అధికారి యెదుట ఒక సంగతిని రుజువు చేయవలెను: తాను పనిచేయలేడని. క్రొత్త పని కోరు మనుష్యుడు యజమాని యెదుట మరియొక సంగతిని రుజువు చేయవలెను: తాను పనిచేయగలడని. ఈ రెండు రుజువులను ఒకే మనుష్యుడు, ఒకే చేతితో, ఒకే సంవత్సరములో చూపవలసి వచ్చుచున్నది.

ఇందుకు దంతెవాడకు దూరముకాని చోటనే యొక తార్కాణము కలదు. 1968వ సంవత్సరము జూలైలో కోరాపుట్ జిల్లాలోని జయపురములో ఒక సినిమాహాలునందు అలంకారపు పని చేయుచున్న వడ్రంగి క్రిందపడెను. అతని ఎడమచేయి మోచేతికి పైన తీసివేయబడినది. పట్టిక ప్రకారము ఒక చేయి పోవుట సంపూర్ణ వైకల్యము కాదని యజమాని పక్షమున వాదింపబడెను. ఒంటిచేతితో వడ్రంగము చేయుట అసాధ్యము గనుక అతని నష్టము నూటికి నూరుపాళ్లని అధికారి నిర్ణయించెను. వ్యాజ్యము సుప్రీం కోర్టు వరకు పోయి, 1975 డిసెంబరులో ఆ నిర్ణయమే స్థిరపరచబడినది. నష్టమును శరీరపు కొలతతో కాక పనివాని వృత్తితో కొలువవలెనని చెప్పిన ఆ తీర్పు నాటినుండి నేటివరకు ఎందరో కార్మికులకు ఆధారమైనది. అది న్యాయమైన తీర్పు.

అయితే ఆ న్యాయమైన మాటను వేరొక వాకిట చదివినప్పుడు ఏమగునో ఆలోచింపుడు. "నూటికి నూరుపాళ్లు అశక్తుడు" అని ఒక కాగితముపై వ్రాయబడినది. వడ్రంగమునకు అశక్తుడని దాని భావము. కాని క్రొత్త యజమాని దానిని ఆ విధముగా చదువడు. ఈ మనిషియే అశక్తుడని చదువును. కొయ్యను చూచినంతనే దాని పాలెంతో, పగులెక్కడ వచ్చునో చెప్పగల కన్ను అతనికి పోలేదు. కొలత, లెక్క, క్రింది పనివారికి నేర్పు నేర్పరితనము పోలేదు. "చేయి తిరిగిన పనివాడు" అని తెలుగువారందురు. తిరిగినది చేయి యని మాట చెప్పుచున్నను, నిజముగా తిరిగినది వాని బుద్ధియు, కన్నును, ఓర్పును. చేయి తెగినప్పుడు వాటిలో ఏదియు తెగలేదు. పోయినదానిని కొలుచుటకు పట్టిక యున్నది. మిగిలినదానిని కొలుచుటకు పట్టిక లేదు. క్రొత్త యజమాని కొనవలసినది మిగిలినదానినే.

ఈ రెండు కాగితముల నడుమ నలిగిన మనుష్యుడు తరచుగా ఒక శోధనలో పడును. వ్యాజ్యము తీరువరకు ఎచ్చటను పనిచేయవద్దని, పనిచేయుచు కనబడినచో పరిహారము తగ్గునని, హితులే అతనికి చెప్పుదురు. ఒక సంవత్సరము గడచును, రెండు గడచును. చేయలేననుచు చెప్పగా చెప్పగా అతడే దానిని నమ్మును. గాయము మానినది, కాని దానిని మాననిదిగా కాపాడుకొనవలసిన అవసరము అతనికి కలిగినది. న్యాయము కొరకు చెప్పవలసి వచ్చిన మాట అతని ఆత్మను కుంటిదిగా చేయుట ఈ విషయములోని మిక్కిలి దుఃఖకరమైన సంగతి.

బాకీ ఎవరిది?

ఇప్పుడు క్రొత్త యజమాని సంగతి. అతనిని దుర్మార్గునిగా చిత్రించుట సులభము; అది న్యాయము కాదు. శ్రీకాకుళమునుండి వచ్చిన ఆ రెండవ కార్మికుడు, గీదంలోనో జగదల్‌పూరులోనో లారీల మరమ్మతు షెడ్డు నడుపుచున్న తెలుగువాని యొద్దకు వెళ్లెననుకొనుడు.

"బాబుగారూ, పనేమైనా ఉంటే ఇప్పించండి. మిషన్ల పని వచ్చండి నాకు."

"ఆ చేత్తో స్పానరు ఎలా పడతావయ్యా?"

"ఎడంచేత్తో అలవాటు చేసుకున్నానండి. ఓ వారం చూడండి బాబూ."

"పట్టు జారి ఉన్న వేళ్లు కూడా పోతే ఎవరు చెప్పాలి జవాబు? నా వల్ల కాదు. ఇదిగో, ఈ వంద ఉంచు. పిల్లలకేమైనా పట్టుకెళ్లు."

ఈ సంభాషణలో కఠినత్వము లేదు. షెడ్డు యజమాని జాలిగలవాడే. అతని భయము కల్పితము కాదు. మొదటి గాయము మరియొకని యొద్ద తగిలినది. రెండవ గాయము తన యొద్ద తగిలినయెడల, రెండును కలిసి ఆ మనుష్యుని పూర్తిగా అశక్తుని చేయును. అప్పుడు భారమంతయు తనమీద పడునని అతడు భయపడుచున్నాడు. ఈ భయము అన్ని దేశములలోను పుట్టినదే. 1925లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రములో ఒక తీర్పు, రెండవ గాయముయొక్క సంపూర్ణ భారమును క్రొత్త యజమానిపై మోపగా, ఒంటికన్నువారు, ఒంటిచేతివారు వేలకొలదిగా పనినుండి తొలగింపబడిరని ఆ కాలపు వృత్తాంతములు చెప్పుచున్నవి. కార్మికుని మేలుకొరకు ఇచ్చిన తీర్పు కార్మికుని వీధిని పడవేసెను. న్యూయార్కు రాష్ట్రము 1916లోనే ఇందుకు ఉపాయము కనుగొనెను: క్రొత్త యజమాని తన యొద్ద తగిలిన గాయమునకు మాత్రమే బాధ్యుడు, రెండు గాయములు కలియుటచే కలిగిన అదనపు భారమును ఒక ఉమ్మడి నిధి వహించును. భారతదేశపు 1923 చట్టములో అట్టి నిధి లేకుండెను. అందుచేత ఇచ్చటి షెడ్డు యజమాని ఒంటరిగా భయపడుచున్నాడు.

కాబట్టి బాకీ ఎవరిదను ప్రశ్నకు ప్రత్యుత్తరము రెండు మెట్లుగా చెప్పవలసియున్నది. గాయపరచినవాని బాకీ న్యాయమువలన వచ్చినది. మోషే ధర్మశాస్త్రములోనే ఇది కలదు: మరియొకని కొట్టి మంచము పట్టించినవాడు అతని పని చెడిన దినములకు సొమ్ము చెల్లించి, అతడు బాగుపడువరకు వైద్యము చేయింపవలెనని నిర్గమకాండము 21వ అధ్యాయము విధించుచున్నది. ఆ బాకీకి హద్దున్నది. చెల్లించినప్పుడు అది తీరును. గాయపరచనివాని బాకీ వేరు. అది నేరమువలన వచ్చినది కాదు, అతనియొద్ద ద్వారముండుటవలన వచ్చినది. మనుష్యులు పని యను పంటచేను చుట్టు కంచె వేసికొని, లోపలికి పోవు ద్వారములను కొందరి చేతికి అప్పగించియున్నారు. ద్వారము తన చేతిలోనున్నవాడు, బయట నిలిచినవానిని నేను బయటకు గెంటలేదు గదా యని చెప్పి తప్పించుకొనజాలడు. తెరువగలిగియు తెరువకపోవుట అతని క్రియయే.

అయినను ఒక్కని నెత్తిన మోయలేని భారము పెట్టి, మోయనందుకు నిందించుటయు ధర్మము కాదు. గాయపడినవాడు లేనిచో ఇనుము లేదు, ఇనుము లేనిచో పట్టాలు లేవు, వంతెనలు లేవు, ఇంటి దూలములు లేవు. ఆ ఇనుముతో కట్టిన ఇంటిలో నిదురించువారందరును అతనిచేత సేవ పొందినవారే. కనుక ద్వారము తెరుచుట ఒకని విధి. తెరిచినవాని భయములో పాలుపొందుట అందరి విధి.

పూటకూళ్లవాడు

మంచి సమరయుని ఉపమానము ఎరుగని క్రైస్తవుడు లేడు. దొంగలను, యాజకుని, లేవీయుని, సమరయుని గూర్చి ప్రసంగములు విననివారును లేరు. కాని ఆ కథలో మరియొక మనుష్యుడున్నాడు. అతని గూర్చి ప్రసంగములు అరుదు. అతడు పూటకూళ్లవాడు.

అతడు గాయపరచలేదు. అతడు త్రోవలో పోవుచు చూచి జాలిపడినవాడును కాడు. తన వ్యాపారము తాను చూచుకొనుచుండగా, ఒక రాత్రి ఒక పరదేశి ఒక క్షతగాత్రుని తెచ్చి తన యింట దింపెను. అతడు తలుపు మూసికొనియుండవచ్చును. ఇతర బాటసారులకు అసౌకర్యమని చెప్పియుండవచ్చును. అతడు చేర్చుకొనెను. ఏ ధైర్యముతో చేర్చుకొనెను? సమరయుడు రెండు దేనారములు చేతిలో పెట్టి, అంతకు మించి ఖర్చయినయెడల తిరిగి వచ్చునప్పుడు తానే తీర్చెదనని మాట ఇచ్చెను. ఇది గమనింపదగిన సంగతి. సమరయుడు పూటకూళ్లవానిని త్యాగము చేయుమని అడుగలేదు. పూచీ యిచ్చి, ద్వారము తెరువుమని అడిగెను. జాలి ఒకనిది, ఇల్లు మరియొకనిది; రెంటిని కలిపినది పూచీ. న్యూయార్కు నిధిలో నున్నదియు ఈ పూచీయే.

కార్మికుని స్వస్థతను గూర్చి మరియొక కథ కలదు. విశ్రాంతిదినమున సమాజమందిరములో ప్రభువు బాగుచేసిన మనుష్యుని తెలుగు అనువాదకులు "ఊచచెయ్యి గలవాడు" అనిరి. మూలములోని గ్రీకు మాటకు "ఎండినది" అని అర్థము. అది కుడిచేయి యని లూకా మాత్రమే చెప్పుచున్నాడు. నాలుగవ శతాబ్దమువాడైన జెరోము, మత్తయి సువార్తకు తాను వ్రాసిన వ్యాఖ్యానములో, నజరేయులు వాడుకొను ఒక సువార్తలో ఆ మనుష్యుడు తాపీపనివాడుగా కనబడుచున్నాడని తెలియజేసెను. తాను చేతిపనితో బ్రదికినవాడననియు, సిగ్గుతో బిచ్చమెత్తుకొనకుండునట్లు బాగుచేయుమనియు అతడు వేడుకొనెనని ఆ వృత్తాంతము. అది పరిశుద్ధ గ్రంథములో చేరినది కాదు. దానిని లేఖనముగా ఎంచనక్కరలేదు. కాని ఆదిమ క్రైస్తవులు ఆ ఎండిన చేతిని చూచినప్పుడు, వారికి రోగముతో కూడ పోయిన జీవనమును కనబడెనని దానివలన తెలియుచున్నది.

తెలుగు చదువరికి ఇందులో ప్రత్యేకమైన అర్థమొకటి తోచును. ప్రభువు అతనిని చేయి చాపుమనెను. తెలుగులో చేయి చాచుట యనగా యాచించుట. బిచ్చమునకు చేయి చాచవలసి వచ్చునేమో యని భయపడిన తాపీమేస్త్రి, ఆ చేతినే చాపి, తాపీ పట్టుకొనుటకు తగినదానిగా దానిని మరల పొందెను. షెడ్డు వాకిట నిలిచిన కార్మికుడు చేయి చాచినది పనికొరకు. అతని చేతిలో పడినది వంద రూపాయలు. ఇచ్చినవాడు దానిని దయ యనుకొనెను. పుచ్చుకొన్నవాడు తాను ఏ వర్గములో చేర్చబడెనో గ్రహించెను.

పునరావాసమను మాట

ఇంగ్లీషువారి మాటను అనుసరించి చూచినయెడల, గాయపడినవానిని మరల సమర్థుని చేయుట అను భావము తోచును. తెలుగువారు దానికి "పునరావాసము" అను మాటను స్థిరపరచుకొనిరి. అనగా మరల నివసింపజేయుట. ఆనకట్టలక్రింద ఊళ్లు పోగొట్టుకొన్నవారికిని, పనిలో అవయవములు పోగొట్టుకొన్నవారికిని ఈ ఒక్క మాటయే వాడబడుచున్నది. ఇది అనువాదములోని లోపముగా కొందరు ఎంచవచ్చును. నిజమునకు అది మూలముకంటె లోతైనది. పని పోగొట్టుకొన్నవాడును ఊరు పోగొట్టుకొన్నవాడే. ఉదయము లేచి వెళ్లుటకు చోటు లేదు. సాయంకాలము చెప్పుకొనుటకు సంగతి లేదు. పేరు పెట్టి పిలుచు తోటివారు లేరు. అతనికి కావలసినది మరల మనుష్యుల నడుమ కాపురము.

వెల్లూరు వైద్యులు ఈ సత్యమును కష్టముమీద నేర్చుకొనిరి. 1946లో అచ్చటికి వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల మెలిపడిన వ్రేళ్లను శస్త్రచికిత్సచే సరిచేయ మొదలుపెట్టెను. బాగుపడిన చేతులతో ఇంటికి పోయినవారు కొందరు తిరిగి వచ్చి, తమకు ఎవరును పని ఇచ్చుటలేదని, చేతులు చక్కబడుటచే బిచ్చమైనను సరిగా దొరకుటలేదని మొరపెట్టిరి. చేయి బాగుచేసినంతమాత్రమున మనిషి బాగుపడలేదని ఆయన గ్రహించెను. అప్పుడు వైద్య కళాశాల ఆవరణలో నవజీవన కేంద్రమొకటి వెలసి, వడ్రంగము మొదలగు చేతిపనులు నేర్పబడినవి. ఆ వెల్లూరులోనే యువ వైద్యురాలైన డాక్టరు మేరీ వర్గీస్ 1954లో మోటారు ప్రమాదమున నడుము క్రింది భాగమంతయు చచ్చుబడి, చక్రముల కుర్చీకి పరిమితురాలయ్యెను. నిలుచుండి చేయు శస్త్రచికిత్సలు ఆమెకు ఇక సాధ్యము కావు. కాని చేతుల శస్త్రచికిత్స కూర్చుండి చేయవచ్చునని బ్రాండ్ కనుగొనెను. ఆమె కూర్చుండియే అనేకుల చేతులను బాగుచేసి, 1966లో బాగాయములో నెలకొల్పబడిన పునరావాస సంస్థకు మూలస్తంభమయ్యెను. పోయినదేమిటని కాక, మిగిలినదేమిటని ఒకడు అడిగినందున కలిగిన ఫలమది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పనియే మనుష్యునికి గౌరవమని గట్టిగా చెప్పినకొలది, ఏ పనియు చేయలేనివానికి గౌరవము లేదన్నట్లు ధ్వనించును. అది అబద్ధము. రెండు కాళ్లును కుంటివాడైన మెఫీబోషెతు దావీదు బల్లయొద్ద కూర్చుండెను. అతడు ఏమి చేయగలడని రాజు అడుగలేదు. యోనాతాను కుమారుడైనందున అతనికి ఆ చోటు దొరకెను. ప్రతి మనుష్యునికిని బల్లయొద్ద చోటు పనికి ముందే కలదు. అందుచేతనే, పని చేయగలిగియు చేయగోరుచున్నవానికి పని నిరాకరించి బల్లయొద్ద చోటు మాత్రమే చూపుట చాలదు. వాని శక్తి వాని విలువకు కొలత కాదు. అయినను వాని శక్తిని అక్కరలేదనుట వానిని అవమానించుటయే.

చేయదగినది

ప్రభుత్వము చేసిన ఏర్పాటులు కొన్ని కలవు. వికలాంగులకు ప్రత్యేక ఉపాధి కార్యాలయము 1959లో బొంబాయిలో ఏర్పడెను. వృత్తి పునరావాస కేంద్రములు 1968లో బొంబాయిలోను హైదరాబాదులోను మొదట స్థాపింపబడినవి. బైలదిల్లాలో త్రవ్వకము ఆరంభమైన సంవత్సరమే, జయపురములో వడ్రంగి పడిన సంవత్సరమే, రాజస్థానములోని జైపూరులో రామచంద్ర శర్మ యను శిల్పియు డాక్టరు సేథీయు చౌకయైన కృత్రిమ పాదమును రూపొందించిన సంవత్సరమును అదే. 2016 నాటి చట్టము ప్రభుత్వోద్యోగములలో 4 శాతము స్థానములను కేటాయించెను. ప్రైవేటు యజమానులు తమ పనివారిలో 5 శాతమైనను వికలాంగులను చేర్చుకొనునట్లు ప్రోత్సాహకములిమ్మనెను. కాని ఈ ఏర్పాటులన్నియు 40 శాతమునకు తక్కువకాని వైకల్యము గలవారికే. ఆ గీతకు క్రిందనున్నవాడు, షెడ్డు యజమానికి మిక్కిలి కుంటివాడుగాను, ప్రభుత్వమునకు చాలినంత కుంటివాడు కానివాడుగాను కనబడును. ఆ సందులో నిలిచినవారికి చట్టము చేయూత చాలదు, మనుష్యులు కావలెను.

ఆ మనుష్యులు చేయవలసినది గొప్ప కార్యము కాదు. మొదట, పరిహారపు వ్యాజ్యములో అతని పక్షమున నిలిచి అది త్వరగా ముగియునట్లు చూడవలెను. ఆలస్యమే అతని శత్రువు. రెండవది, అతడు ఏమి పోగొట్టుకొనెనో కాక, ఏమి ఎరుగునో ఓపికతో అడిగి వ్రాసికొనవలెను. గనిలో పదియేండ్లు పనిచేసినవాడు యంత్రపు చప్పుడు వినియే దాని రోగము చెప్పగలడు. ఆ సంగతి ఏ వైద్య ధ్రువపత్రములోను ఉండదు. మూడవది, క్రొత్త యజమానితో సత్యమే పలుకవలెను. గాయమును దాచి చేర్చిన పని నిలువదు. నలుగురికి ఉన్న నమ్మకమును చెరుపును. నాల్గవది, పూచీ నిలువవలెను. నెల దినములు చూడుమనియు, పనిముట్టుకు పిడి మార్పించుటకైన ఖర్చు తాము పెట్టుకొందుమనియు, ప్రమాద బీమాకు తాము తోడ్పడుదుమనియు నలుగురు కలిసి వచ్చి చెప్పినయెడల, ఒంటరిగా భయపడిన షెడ్డు యజమాని అంతగా భయపడడు. పౌలు ఒనేసిముకొరకు ఫిలేమోనునకు వ్రాసిన లేఖలో, అతని బాకీని తన లెక్కలో వేయుమని తన చేతితోనే వ్రాసియిచ్చెను. సిఫారసు చేయుట సులభము; సిఫారసు క్రింద సంతకముతోపాటు బాధ్యతను వ్రాయుటయే కష్టము.

ఐదవది, జాలి పేర జీతము కోయకుండునట్లు చూడవలెను. కుంటివాడు గదా, సగము చాలునని చేర్చుకొనువాడు ద్వారము తెరిచినట్లు కనబడి, గడపయొద్దనే సుంకము వసూలు చేయుచున్నాడు. పని సగమైనచో జీతము సగము. పని పూర్తియైనచో జీతము పూర్తి. అట్లే, గాయపడిన ప్రతివానిని కాపలాదారు కుర్చీలో కూర్చుండబెట్టి సంతృప్తిపడుటయు తగదు. ఆ కుర్చీ కొందరికి సరియైన చోటే. అందరికి అదే చోటని తలంచుట ఆలోచింపకపోవుటకు మారుపేరు.

దంతెవాడ జిల్లాలో క్రొత్త ద్వారములు లేకపోలేదు. యువకులకు చేతిపనులు నేర్పు జీవనోపాధి కళాశాల అచ్చట మొదలై రాష్ట్రమంతటికిని మాదిరియైనది. గీదం సమీపమున 2021లో వస్త్రములు కుట్టు కేంద్రమొకటి తెరువబడి, గ్రామస్త్రీలకు కూర్చుండి చేయు పని కల్పించెను. లారీల షెడ్లు, అంగళ్లు, గోదాములు, బడులు ఉన్నవి. వీటిలో ప్రతిదానికిని ఒక యజమాని యున్నాడు. వారిలో ఎవడును బైలదిల్లా కొండపైని ఆ బొటనవ్రేలు తీసినవాడు కాడు. ఆ మాట నిజము. ఎరికో త్రోవలోని పూటకూళ్లవాడును అట్లే చెప్పగలిగియుండెను. అతని పేరు సువార్తలో లేదు. సమరయుడు మరల వచ్చి శేషించిన ఖర్చు తీర్చెనో లేదో ఆ కథలో చెప్పబడలేదు. ఆ రాత్రి ఆ తలుపు తెరువబడినదని మాత్రము చెప్పబడినది, గాయపడినవాడు లోపలనున్నాడు.